విరిగిన ఫిడేలు తలతో గిద్దలూరు దాకా

మా అక్క దగ్గర ఫిడేలు ఎరువు తెచ్చుకోవడమంటే పిల్లనడగడానికి వెళ్ళినంత పని. ఆ ఫిడేలు మా నాయనది. ఆయన చుట్టుపక్కల ఊళ్ళలో హరికథలకు వాయించేవాడు. ఆయన పోయాక అది పామూరులో అక్క దగ్గరే ఉండిపోయింది. అక్క అక్కడ పిల్లలకు సంగీతం చెబుతుంది. నేను ఒంగోలులో మందుల షాపు నడుపుకుంటూ, తీరికున్నప్పుడు వాయించే రకం. నాకూ ఒక ఫిడేలు ఉంది గానీ దాని గొంతు రేకు డబ్బా గొంతు. మార్కాపురంలో నా స్నేహితుడు రాఘవులు హరికథ చెబుతూ పక్కన నన్ను వాయించమంటే, ఈ ఒక్కసారికి నాయన ఫిడేలు ఇమ్మని అక్కను వారం రోజులు బతిమాలాను. చివరికి మూడు షరతుల మీద ఇచ్చింది. బస్సులో పైన పెట్టకూడదు, ఒళ్ళోనే పెట్టుకోవాలి. తీగలు బిగించే బిరడాలు గట్టిగా తిప్పకూడదు. శనివారం పొద్దుగూకే లోపు తిరిగి ఇంటికి తేవాలి. దాని చెక్క పెట్టె కూడా ఇచ్చింది. బరువెక్కువని దాన్ని అక్క చూడకుండా వాళ్ళ వీధి గదిలోనే మంచం కిందకు తోసేసి, ఫిడేలును గుడ్డ సంచిలో పెట్టుకుని బయల్దేరాను. తప్పు ఎవరిదని మీరు వెతుక్కునే పని లేకుండా మొదట్లోనే ఒప్పేసుకుంటున్నాను.

శుక్రవారం కథ బ్రహ్మాండంగా జరిగింది. శనివారం పొద్దున ఆరున్నరకల్లా మార్కాపురం బస్టాండులో కనిగిరి బస్సు ఎక్కాను. కనిగిరిలో దిగి పామూరు బస్సు పట్టుకుంటే మధ్యాహ్నం భోజనానికి అక్క ఇంట్లో ఉండొచ్చు. నిద్ర చాలలేదు, ఒళ్ళో సంచి పెట్టుకుంటే తూగడానికి లేదు. ఒక్క పది నిమిషాలే కదా అని సంచిని పైన పెట్టి కళ్ళు మూశాను. నా తర్వాత ఎక్కినావిడ తన సామాను, అందులో ఒక పెద్ద కుక్కరు, దాని పక్కనే సర్దింది. ఊరు దాటుతుండగా గొర్రెల మంద రోడ్డుకు అడ్డం వచ్చింది. డ్రైవరు బ్రేకు వేశాడు. ముందు నా సంచి, దాని మీద కుక్కరు, రెండూ నడి దారిలో పడ్డాయి, సంచి మూతి ఊడిపోయింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. ఎండుపుల్ల విరిగినట్టు చిన్న శబ్దం వచ్చింది, అంతే.

ఫిడేలు తెలియని వాళ్ళ కోసం ఒక మాట. దాని మెడ చివర బిరడాలు గుచ్చే గూడు ఉంటుంది, ఆ పైన నత్తగుల్లలా చుట్టుకుపోయిన తల ఉంటుంది. మన పద్ధతిలో కింద కూర్చుని, ఆ తలను కుడికాలి మడమ పక్కన ఆనించి వాయిస్తాం. సంచిలో చూస్తే బిరడాల గూడు దగ్గర తల ఊడి తీగలకు వేలాడుతోంది. నత్తకు రెండు పక్కలా ఉండే చుట్టల్లో ఒకటి లేదు. అది సరిగ్గా కాలికి ఆనే పక్క. నాయన కాలికి ఆని ఆని, అంచులు పోయి సబ్బుబిళ్ళలా నునుపెక్కిన పక్క. కండక్టరు బస్సు ఆపించాడు. కుక్కరావిడతో సహా ఎనిమిది మందిమి సీట్ల కింద వెతికాం. దొరకలేదు. తెరిచి ఉన్న తలుపులోంచి ఎగిరి ఏ కంకరలో పడిందో. అక్కడే దిగిపోయి రోడ్డు మీద కూడా కొంతసేపు వెతికాను. ముక్క దొరకక, సంచి ఒళ్ళో పెట్టుకుని రోడ్డు పక్కన కూలబడి ఉండగా ఫోను మోగింది.

"బస్సెక్కినావా?" అంది అక్క.

"లేదక్కా, తప్పిపోయింది. రాఘవులు ఇంకో రోజు ఉండమంటున్నాడు. రేపొద్దున వస్తా."

"ఫిడేలు జాగర్తరా."

"ఒళ్ళోనే ఉంది," అన్నాను. ఆ సమయానికి నిజంగానే అది నా ఒళ్ళోనే ఉంది, రెండు ముక్కలుగా.

ఆటో ఎక్కి రాఘవులు ఇంటికి వెళ్ళాను. దారిలో కిరాణా కొట్టు ముందు ఆపించి, క్షణంలో అతుక్కునే బంక కొనబోయాను. ఎందుకో చెయ్యాడక మానేశాను. ఆ రోజు నేను చేసిన ఒకే ఒక్క తెలివైన పని అది. రాఘవులు విరిగిన తలను చూసి ఒక్క మాట కూడా తిట్టలేదు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. కాఫీ ఇచ్చి, "పట్నం పంపిస్తే నెల పడతాది. గిద్దలూరు అవతల తంబూరాల ఆచారి ఉండాడు. నా తంబూరా మెడ చెక్కింది ఆయనే. పో, ఇప్పుడే పో. ఆయన మధ్యాన్నం తర్వాత కొత్త పని పట్టడు," అన్నాడు.

మార్కాపురం నుంచి గిద్దలూరుకు కంభం మీదుగా బస్సులు తరచుగానే ఉంటాయి. రైలు కూడా ఉంది గానీ స్టేషను ఊరికి దూరం, వేళలు చూసుకుని వెళ్ళాలి. నేను ఎనిమిదింటి బస్సు పట్టుకున్నాను. వంద రూపాయల లోపు టికెట్టు, రెండు గంటల లోపు ప్రయాణం. కంభం చెరువు చూడాలనుకునే వాళ్ళు అక్కడ దిగి తర్వాతి బస్సులో వెళ్ళొచ్చు. నేను మాత్రం ఈసారి సంచిని పసిబిడ్డలా పట్టుకుని కిటికీ వైపు కూడా చూడలేదు. మనసులో రేపు అక్కకు చెప్పబోయే అబద్ధాన్ని చెక్కుకుంటూ కూర్చున్నాను. తీగ తెగిందనాలా, బిరడా వదులైందనాలా? ఏదైనా సరే, తల అతికించినట్టు తెలియకూడదు. తెలిస్తే ఆమె ఇక జన్మలో ఆ ఫిడేలు నా చేతికివ్వదు. అది సరే, నాతో మాట్లాడుతుందా అన్నది కూడా అనుమానమే. నాయన వస్తువుల్లో మాకు మిగిలింది అదొక్కటే.

గిద్దలూరు బస్టాండు బయట ఆటో అతన్ని తంబూరాల ఆచారి ఇంటికి అని అడిగితే దారి అడగకుండానే ఎక్కించుకున్నాడు. రానూపోనూ, అక్కడ ఆగడానికీ కలిపి నాలుగు వందలు. నల్లమల కొండలు ఎదురుగా కనిపిస్తుండగా ఇరవై నిమిషాలు. నా ఒళ్ళో సంచిని చూసి, "ఏంది సార్, తంబూరానా?" అన్నాడు.

"ఫిడేలు. తల విరిగింది."

"ఏం గాదులే సార్. మా మామ తంబూరా ట్రాక్టర్ కింద పడింది. ఆయనే బాగు జేసినాడు. ఇప్పుడు ముందుకన్నా బాగ మోగుతాది," అన్నాడు. పొద్దుటి నుంచి నేను విన్న మొదటి మంచి మాట అదే.

ఆచారి గారికి అరవై దాటి ఉంటాయి. ఇంటి ముందు రేకుల పందిరి కింద పని చేస్తున్నాడు. పందిరి ఒక పక్కంతా పాత ఎద్దులబండ్ల నొగలు, అంటే కాడికీ బండికీ మధ్య పొడుగ్గా సాగే దూలాలు, గోడకు చేరేసి ఉన్నాయి. బండి పని కూడా చేస్తారా అని అడిగాను. ఇప్పుడు బండ్లెక్కడివని నవ్వాడు. ఆయన తంబూరాల మెడలు చెక్కేది వీటితోనే. కలప డిపోలో కొన్న కొయ్య ఎంత ఆరినట్టు కనిపించినా తీగ బిగించాక ఒక వానాకాలంలో వంగుతుందట. "నొగ ముప్పయ్యేండ్లు ఎండకెండి, వానకు తడిసి, ఎద్దులు గుంజినా వంగలా. నాలుగు తీగలు గుంజితే వంగుతాదా?" అన్నాడు. ఊళ్ళో బండి పాతబడితే ఇప్పటికీ ఆయనకే కబురు చేస్తారు.

విరిగిన ముక్కలు రెండూ చేతిలోకి తీసుకుని ముందు వాసన చూశాడు.

"బంక బూసినావా?"

"లేదన్నా. బస్సులో కుక్కరు మీద పడి విరిగింది, అంతే."

"బతికించినావు. పూసింటే కొయ్యలోకి దిగి, నా జిగురు పట్టేది గాదు."

తర్వాత నన్ను నేల మీద కూర్చోమని, ఎలా వాయిస్తానో చూపించమన్నాడు. తల లేని ఫిడేలు పట్టుకుని, కమాను లేకుండా ఉత్త చెయ్యి ఆడిస్తుంటే వాళ్ళావిడ గడపలో నిలబడి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆయన మాత్రం నవ్వలేదు. నా కాలి పక్క చూశాడు, విరిగిన తల చూశాడు, మిగిలిన రెండో చుట్టను వేలితో తడిమాడు. పోయిన పక్కకు కొత్త చుట్ట చెక్కి, కింద మెడలోకి తలను అతికిస్తానన్నాడు. పని సాయంత్రానికి అవుతుంది, జిగురు ఆరడానికి తెల్లారే దాకా తీగలు బిగించకూడదు.

ఆయన పని చూడాలనే వెళ్ళే వాళ్ళుంటే ఆ భాగం కోసమైనా పొద్దున్నే వెళ్ళండి. నత్త చుట్టను గీయడానికి ఆయన దగ్గర ఏ సామానూ లేదు. మార్కాపురం పలక ముక్క మీద ఒక లావు మేకు నిలబెట్టి, దానికి దారం చుట్టి, దారం కొసన బలపం కట్టాడు. దారాన్ని బిగువుగా పట్టి విప్పుతూ పోతే బలపం గీసే గీత గుండ్రంగా తిరుగుతూ, ప్రతి తిరుగుడికీ కొంచెం కొంచెం బయటికి జరిగింది. మిగిలి ఉన్న చుట్టతో పోల్చి చూశాడు. కుదరలేదు. మేకు తీసి కొంచెం సన్నది పెట్టాడు. మూడో మేకుకు గీత సరిగ్గా కలిసింది. అప్పుడు నొగలోంచి కోసిన చేతివేలంత ముక్క మీద అదే గీత ఎక్కించి, ఉలి అందుకున్నాడు. ఇంకో పలక ముక్క మీద నీళ్ళు చల్లి ఉలి నూరుకోవడం, నాలుగు పొరలు లేపడం, మళ్ళీ నూరుకోవడం. చెక్కేదానికన్నా నూరేదే ఎక్కువ.

మధ్యాహ్నం వాళ్ళావిడ సజ్జరొట్టెలు, గోంగూర పప్పు పెట్టింది. పొద్దుటి నుంచి కాఫీ తప్ప ఏమీ దిగని గొంతులోకి నాలుగు రొట్టెలు దిగాయి. "ఇంకొకటి ఏసుకో తమ్ముడూ, తల అతుక్కుంటాదిలే," అంది ఆమె. డబ్బు ఇవ్వబోతే కసిరింది. మీరు వెళ్తే పండ్లో బిస్కెట్లో పట్టుకెళ్ళండి.

రెండు గంటలకు కొత్త చుట్ట తయారయింది. ముచ్చటగా ఉంది. అంచులు పదునుగా, తిరుగుళ్ళు స్పష్టంగా, అచ్చం కొత్త ఫిడేలు తలలా ఉంది. సరిగ్గా అక్కడే చిక్కొచ్చింది.

"అన్నా, దీన్ని కొంచెం అరగదియ్యి," అన్నాను.

"ఎందుకు?"

"పాతది అరిగిపోయి ఉండేది. మా నాయన కాలికి ఆని నున్నగా అయింది. అట్ల లేకపోతే అక్కకు తెలిసిపోతుంది."

ఆయన ఉలి కింద పెట్టాడు. "అక్కకు జెప్పలేదా?"

నేను కింద రాలిన చెక్కపొట్టు ఏరసాగాను.

"రంగు కలుపుతా, మెరుగు పెడతా. కొయ్య తేడా కనపడకుండా జేస్తా. అరుగుదల మాత్రం చెక్కను తమ్ముడూ. అది కాలు జేసే పని, ఉలి జేసేది గాదు. అయినా యాడ అరిగింది, ఎంత అరిగింది అని ఎట్ల జెప్పేది? మీ నాయన కాలు నా కాడ యాడుంది?"

బతిమాలాను. గట్టిగా తల అడ్డంగా ఊపాడు. కోపం కూడా వచ్చింది నాకు. ఆకురాయితో పది నిమిషాలు రుద్దితే పోయేదానికి ఈ పట్టింపు ఏమిటి? ఆకురాయి ఇవ్వు, నేనే రుద్దుకుంటా అనబోయి ఆగాను. నాయన కాలు ఆ చుట్ట మీద సరిగ్గా ఎక్కడ ఆనేదో నాకూ తెలియదు. ఇరవై ఏళ్ళు పక్కన కూర్చుని తాళం వేశాను, ఒక్కసారి కూడా చూడలేదు. అది గుర్తొచ్చి కోపమంతా పోయి, ఏడుపొచ్చినంత పనయింది.

ఆయన ఆ సంగతి అక్కడితో వదిలేసి, తలను మెడకు అతికించే పనిలోకి దిగాడు. విరిగిన చోట కొయ్యను వెలుతురులోకి తిప్పి చూస్తూ, "ఇది ముందు కూడా విరిగింది," అన్నాడు.

"లేదే. ఎప్పుడూ విరగలేదు."

దగ్గరికి పిలిచి చూపించాడు. విరిగిన కొయ్య మధ్యలో, అగ్గిపుల్ల కన్నా కొంచెం లావుగా, వెదురు చీల ఒకటి గట్టిగా దిగి ఉంది. దాని చుట్టూ నల్లగా లక్క. బయటికి ఏమాత్రం కనిపించకుండా లోపల్లోపల కొట్టిన చీల. ఇప్పుడు విరిగింది సరిగ్గా ఆ పాత అతుకు పక్కనే.

"వెదురూ లక్కా. ఇది బండ్లు జేసేటోళ్ళ పని. చక్రం నడిమి పుల్ల, అదే ఆకు, చీలితే ఇట్లనే కొడతారు. ఈ పక్కోడే జేసినాడు, చెయ్యి తిరిగినోడు. నీ కుక్కరు పడకపోయింటే ఇంకో ముప్పయ్యేండ్లు ఉండేది," అన్నాడు ఆచారి గారు మెచ్చుకోలుగా.

నాకు అయోమయంగా ఉంది. నాయన ఎప్పుడూ చెప్పలేదు. ఫోను చేతిలో పట్టుకుని పందిరి చివరికి నడిచాను. అరగని చుట్ట ఎలాగూ పట్టిస్తుంది. రేపు ఆమె కనిపెట్టేదాకా ఆగడం కన్నా ఇప్పుడే తిట్లు తినడం మేలనిపించింది. ఫోను చేసి, పైన పెట్టడం, కుక్కరు, గిద్దలూరు, అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పేశాను. చెక్క పెట్టె మంచం కిందే ఉందని కూడా చెప్పాను.

తిట్లకు సిద్ధంగా కళ్ళు మూసుకున్నాను.

"యాడ విరిగింది?" అంది అక్క, చిన్న గొంతుతో.

"బిరడాల గూడు కాడ."

"లోపల వెదురు చీల కనపడిందా?"

అక్కడే మట్టి అరుగు మీద కూర్చుండిపోయాను. అక్క ఆగకుండా చెప్పుకుపోయింది. ఆమెకు పదిహేనేళ్ళప్పుడు నాయన శ్రీశైలం వెళ్ళాడు. గోడకు తగిలించిన ఫిడేలు తీసి వాయించాలని చెయ్యి వేస్తే జారి పడింది. దాన్ని చీరలో చుట్టుకుని కంభంలో అమ్మమ్మ ఇంటికి పరిగెత్తింది. అమ్మమ్మ వీధి చివర బండ్లు చేసే ఆయన దగ్గర కూర్చుని బాగు చేయించింది. నాయన తిరిగొచ్చేలోపు ఫిడేలు గోడకు చేరింది.

"నాయనకు తెలుసా?"

"తెలీదనే అనుకున్నా. తెలిసినా అడగలా. ఆ అతుకు ఎప్పుడు ఊడతాదో, ఎవురి చేతిలో ఊడతాదో అని ఆ పొద్దు నించి చస్తా బతుకుతున్నానురా. పైన పెట్టొద్దు, బిరడా తిప్పొద్దు అని నిన్ను అరిచేది అందుకే." అక్క అంతలోనే నవ్వింది. "నువ్వన్నా వెంటనే జెప్పినావు. నాకు ముప్పయ్యేండ్లు బట్టింది."

నేనూ నవ్వాను. ఎంత నవ్వానంటే ఆటో అతను లేచి వచ్చి చూశాడు. ఆచారి గారికి సంగతి చెబితే ఆయన మొదటిసారి పైకి నవ్వాడు. పాత వెదురు చీల తీసి పారేయకుండా అలాగే ఉంచి, దాని పక్కన ఇంకొకటి కొత్తది దింపాడు. వజ్రం అని పిలిచే తోలు జిగురును వేడి చేసి పోసి, తలను మెడకు బిగించి, చుట్టూ నూలు పగ్గం కట్టాడు. రెండు వేలు ఇమ్మన్నాడు. నేను మారు మాట్లాడకుండా ఇచ్చాను.

ఆ రాత్రి గిద్దలూరు బస్టాండు ఎదుట లాడ్జిలో ఆరు వందల గదిలో హాయిగా నిద్రపోయాను. ఆదివారం తొలి బస్సుకు మార్కాపురం, అక్కణ్ణుంచి కనిగిరి, కనిగిరి నుంచి పామూరు, మొత్తం మీద ఆరు గంటలు పట్టింది. ఫిడేలు దారంతా నా ఒళ్ళోనే ఉంది.

ఈ పక్కకు చాలాసార్లు వచ్చాను, ఎప్పుడూ పని చూసుకుని పోవడమే. ఈసారే ఒక మనిషి పక్కన రోజంతా కూర్చుని, ఆయన చేసే పనితో పాటు చెయ్యనన్న పనిని కూడా చూశాను. ఆయన ఆకురాయి పట్టి ఉంటే నా అబద్ధం నిలబడేది, అక్క భయం అలాగే ఉండిపోయేది. ఇలాంటి అవసరం మీకూ పడితే ఒక్కటే సలహా. విరిగిన ముక్కలన్నీ, చిన్న పెచ్చుతో సహా ఏరి గుడ్డలో కట్టుకోండి, వాటికి ఎవరు చెప్పినా ఏ బంకా పూయకుండా మధ్యాహ్నం లోపు ఆచారి గారి దగ్గరికి చేర్చండి.

పామూరులో అక్క ఫిడేలు అందుకుని, తలను అటూ ఇటూ తిప్పి చూసి, కింద కూర్చుని తీగలు ఒక్కొక్కటే బిగించింది. అతుకు కదల్లేదు. కాలి పక్కన ఆనించి సా పట్టి, కళ్ళు మూసుకుని రెండు నిమిషాలు వాయించి ఆపింది.

"అంచు గుచ్చుకుంటా ఉందిరా," అంది.

"మెత్తటి గుడ్డేదన్నా అడ్డం పెట్టనా?"

"వద్దులే, అరగనీ," అని మళ్ళీ కమాను అందుకుంది.